బీచ్ రోడ్డులో నేవీ హెలికాప్టర్ దగ్గర సెల్ఫీ అయిపోయాక ఏం చూడాలి

వైజాగ్‌లో ఇల్లుంటే చుట్టాలు తప్పరు, చుట్టాలొస్తే బీచ్ రోడ్డు తప్పదు. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక కునుకు, సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా టీయూ-142 విమానం, ఆ తర్వాత హెలికాప్టర్. అప్పటికే పిల్లలకి ఆకలి, పెద్దాళ్ళకి కాళ్ళ నొప్పులు, దాంతో హెలికాప్టర్ దగ్గర నాలుగు నిమిషాలు నిలబడి, తలుపు పక్కన ఒక ఫొటో, తోక పక్కన ఒక ఫొటో దిగి మురీ మిక్చర్ బండి దగ్గరికి వెళ్ళిపోతారు. నేనూ చాలా రోజులు అదే బ్యాచ్. ఒకసారి మా అక్క కొడుకు కింద కూర్చుని పొట్ట వైపు చూసి "మావయ్యా, దీనికి కింద పడవ ఎందుకు పెట్టారు" అన్నాడు, నేను తెల్లమొహం వేశాను. ఆ రోజు ఇంటికొచ్చి మొదలుపెట్టిన చదువు ఇది, మీకైనా పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఇదేంటో తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే చూసింది ఏదీ గుర్తుండదు. పేరు యూహెచ్-3హెచ్, అమెరికాలో సికోర్‌స్కీ కంపెనీ చేసిన సీ కింగ్ కుటుంబం. మన నేవీ అమెరికా నుంచి ఐఎన్ఎస్ జలాశ్వ అనే పెద్ద ఓడ కొన్నప్పుడు, అంటే 2007లో, దాంతోపాటే ఇలాంటివి ఆరు తీసుకుంది. 2009 మార్చి 24న ఇక్కడే ఐఎన్ఎస్ డేగాలో, అదేనండి మన ఎయిర్‌పోర్ట్ పక్కనున్న నేవీ స్టేషన్, ఐఎన్ఏఎస్ 350 అనే స్క్వాడ్రన్, అంటే హెలికాప్టర్ల దళం, వీటితో మొదలైంది, దానికి సారస్ అని పేరు, సారస పక్షి. 2024 జూన్ 28న రిటైర్ చేసి ఒకదాన్ని ఊళ్ళో జనం చూడ్డానికి ఇచ్చారు. అంటే ఎక్కడి నుంచో లారీలో తెచ్చిన పాత ఇనుము కాదు, పదిహేడేళ్ళు మన నెత్తి మీద తిరిగిన మనూరి బండే, ఎన్ఏడీ దగ్గర ఉండేవాళ్ళు దీని చప్పుడు ఎన్నిసార్లు విన్నారో వాళ్ళకే లెక్క తెలీదు.

ఈ రకం మొదటిసారి ఎగిరింది 1959లో. చంద్రుడి మీద దిగొచ్చిన అపోలో 11 వాళ్ళని సముద్రంలోంచి పైకి తీసింది ఈ కుటుంబంలోదే, అమెరికా ప్రెసిడెంట్ ఇంటి లాన్‌లో దిగే తెల్ల టాప్ ఆకుపచ్చ హెలికాప్టర్ కూడా దశాబ్దాలుగా ఈ కుటుంబంలోదే. చుట్టాలకి ఈ రెండు ముక్కలు చెప్తే చాలు, నాలుగు నిమిషాలు కాస్తా పావుగంట అవుద్ది. కాకపోతే "ఇదే చంద్రుడి వాళ్ళని తీసుకొచ్చింది" అని మాత్రం కొట్టకండి, అది వేరే బండి, అది ఆ తర్వాత ఒక ప్రమాదంలో సముద్రంలో పడిపోయింది.

ఇక ఏ టైముకి వెళ్ళాలి అంటే, పొద్దున వద్దు. మన బీచ్‌లో సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు కాబట్టి రోడ్డు వైపు నిలబడి ఫొటో తీస్తే హెలికాప్టర్ అంతా నల్లగా, వెనక ఆకాశం తెల్లగా వస్తుంది. మూడున్నర నాలుగు దాటాక ఎండ ఊరి వైపు నుంచి పడుతుంది, అప్పుడు రివెట్లు కూడా ఒక్కొక్కటిగా లెక్కపెట్టొచ్చు. టికెట్లు, టైమింగులు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి. సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు, అది మాత్రం మర్చిపోవద్దు, సోమవారం వచ్చి గేటు దగ్గర నిలబడి తిట్టుకునే ఫ్యామిలీని ప్రతి వారం చూడొచ్చు.

ఏది ముందు చూడాలి అన్నదాంట్లో నాకు గట్టి అభిప్రాయం ఉంది. సబ్‌మెరైన్ ముందు, హెలికాప్టర్ చివర. ఎందుకంటే సీ కింగ్ అనేది పుట్టిందే సబ్‌మెరైన్‌ని వేటాడ్డానికి. కురుసుర లోపల ఆ ఇరుకు సందులో వంగి వంగి నడిచి, ఆ పైపులు, ఆ చిన్న బంకులు చూసి, ఇందులో డెబ్బై మంది పైన నీళ్ళ కింద ఊపిరి బిగపట్టుకుని ఉండేవాళ్ళు అని అర్థమయ్యాక, బయటికొచ్చి హెలికాప్టర్ కింద నిలబడండి. వాళ్ళు భయపడింది దేనికో అప్పుడు తెలుస్తుంది. ఓడ అయితే దాని ఇంజన్ చప్పుడు నీళ్ళలో దూరం నుంచే వినిపిస్తుంది, సబ్‌మెరైన్ తప్పించుకోవచ్చు. ఇది అలా కాదు, పైన గాల్లోంచి వచ్చి నీళ్ళకి ఒక నలభై అడుగుల ఎత్తులో ఆగి, పొట్టలోంచి కేబుల్‌కి కట్టిన సోనార్ బుడ్డిని, అంటే నీళ్ళలో చప్పుడుని పట్టి సబ్‌మెరైన్ ఎక్కడుందో కనిపెట్టే పరికరాన్ని, బావిలో చేద వేసినట్టు సముద్రంలోకి దింపుతుంది, వింటుంది, లాగేసుకుంటుంది, ఇంకో చోటికి ఎగిరిపోయి మళ్ళీ దింపుతుంది. కింద ఉన్నవాడికి అది మళ్ళీ ఎక్కడ తేలుతుందో అంతుపట్టదు. ఎదురుగా ఉన్న టీయూ-142 కూడా సబ్‌మెరైన్‌ల కోసం తిరిగిన విమానమే. అంటే ఒకే రోడ్డు మీద ఎలక, రెండు రకాల పిల్లులు, మూడూ మన ఇంటివే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మనం కొన్న ఈ యూహెచ్ రకంలో ఆ సోనార్ ఉండదు. అమెరికా వాళ్ళే సబ్‌మెరైన్ వేట సామాను అంతా పీకేసి, మనుషుల్ని, సామాన్లని మోయడానికి, సముద్రంలో పడినవాళ్ళని తియ్యడానికి మార్చేశారు. మన దగ్గర కూడా తుఫాన్లలో సాయం, రెస్క్యూ, కమాండోలని దింపడం, ఇవే దీని డ్యూటీలు. పులి కోరలు తీసేసి బండి కట్టినట్టు అనుకుంటాం గానీ, నీళ్ళలో కొట్టుకుపోతున్నవాడిని అడిగితే ఏ బండి గొప్పదో చెప్తాడు.

సరే, ఇప్పుడు హెలికాప్టర్ దగ్గరికి రండి. ముందు దూరంగా నిలబడి ఒకటి మనసులో పెట్టుకోండి, ఇది ఓడ మీద కాపురం చేసే బండి. దీనిమీద వింతగా కనిపించేది ఏదైనా సరే, చోటు చాలకపోవడం వల్లో, ఉప్పు వల్లో, నీళ్ళలో పడిపోతే ఎలా అన్న భయం వల్లో వచ్చి ఉంటుంది. పిల్లలకి ఇది పొడుపు కథలాగా పెట్టండి, ఏదో ఒక పార్టు చూపించి ఈ మూడింట్లో దేనివల్ల అని అడగండి.

మొదట కింద కూర్చోండి. నిజంగానే కూర్చోండి, ప్యాంటుకి ఇసుకే కదా, దులిపేస్తే పోద్ది. మామూలు హెలికాప్టర్ పొట్ట చదునుగా ఉంటుంది, దీనిది మాత్రం మన జాలరిపేట తెప్పకి అడుగులాగా వంపు తిరిగి, ముందు వైపు కాస్త పైకి లేచి ఉంటుంది. అదే మా అల్లుడు అడిగిన పడవ. ఇంజన్ ఆగిపోయి సముద్రంలో దిగాల్సి వస్తే మునక్కుండా తేలాలని. రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన బొద్దు తొట్టెలు ఉంటాయి చూడండి, వాటిని స్పాన్సన్లు అంటారు, పడవ పక్కకి ఒరిగిపోకుండా అవి పట్టుకుంటాయి, ఎగిరేటప్పుడు చక్రాలు కూడా వాటిలోకే మడుచుకుంటాయి. తోక కింద ఉన్న చిన్న చక్రం మడవదు, అలాగే వేలాడుతూ ఉంటుంది.

అయితే పడవ ఉంది కదా అని దర్జాగా తేలుతుంది అనుకోకండి. ఇంజన్లు, గేర్‌బాక్స్, రోటర్ అంటే పైన తిరిగే రెక్కల చక్రం, బరువు మొత్తం నెత్తిమీదే, బిందె మీద బిందె పెట్టుకున్నట్టు. సముద్రం శాంతంగా ఉంటే సరే, అలలు పెద్దవైతే తల్లకిందులైపోతుంది. ఆ పడవ అడుగు ఇచ్చేది లోపలున్నవాళ్ళు బయటపడ్డానికి కాస్త టైము, అంతే.

తర్వాత కుడి వైపుకి రండి, కుడి అంటే పైలట్ కుడి, మీ కుడి కాదు, ఇక్కడ అందరూ తికమక పడతారు. అక్కడ పక్కకి జరిగే పెద్ద తలుపు, దాని పైన చెయ్యి చాపినట్టు హాయిస్ట్, అంటే మనిషిని పైకి లాగే విన్చ్, కేబుల్ దాంట్లోంచే దిగుతుంది. ఇది కుడి వైపే ఎందుకు అంటే హెలికాప్టర్‌లో మెయిన్ పైలట్ మామూలుగా కుడి సీట్లో కూర్చుంటాడు, కారులో డ్రైవర్ లాగా, విమానంలో అయితే కెప్టెన్ ఎడమ. నీళ్ళలో ఉన్న మనిషి తన వైపే ఉంటే మెడ తిప్పి చూసుకోవచ్చు. అయినా సరిగ్గా కిందకి వచ్చేసరికి పైలట్‌కి కనిపించడు, తలుపు దగ్గర బోర్లా పడుకున్న క్రూ "ముందుకి రెండు, కుడికి ఒకటి, ఆగు" అని చెప్తూ ఉంటే పైలట్ అలా నడపాలి. మన రివర్స్ పార్కింగే, కాకపోతే పార్కింగ్ ప్లేసు అలల మీద ఊగుతుంటుంది.

ఆ కేబుల్ చివర ఉండే కొక్కెం దగ్గర ఇంకో సంగతి ఉంది, ఇది చెప్తే పెద్దాళ్ళు కూడా నోరు తెరుస్తారు. రెక్కలు గాలిని కోస్తూ తిరిగేటప్పుడు హెలికాప్టర్ ఒంట్లోకి కరెంటు చేరుతుంది, చలికాలంలో స్వెట్టర్ విప్పితే చిటపటలాడుతుంది చూడండి, అదే, కానీ చాలా పెద్దది. కొక్కెం దిగుతుంటే ఆత్రంగా ఎగిరి పట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది. అందుకే ముందు అది నీళ్ళకో నేలకో తగలాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. వరదల్లో మేడ మీద ఉన్నప్పుడు హెలికాప్టర్ వస్తే కూడా ఇదే రూలు, ముందు కొక్కెం స్లాబ్‌కి తగలనివ్వాలి.

ఇప్పుడు తలెత్తండి. ఐదు రెక్కలు. ఈ చివర నుంచి ఆ చివరకి 62 అడుగులు, మీటర్లలో 18.9. నమ్మకపోతే పిల్లల చేత అడుగులు వేయించండి, పెద్దాళ్ళ మామూలు అడుగైతే పాతిక వస్తాయి, పక్కన కురుసుర పొడవు 91 మీటర్లు, అంటే ఇలాంటి చక్రాలు దాదాపు ఐదు వరసగా పెట్టొచ్చు. రెక్కలు ఆగి ఉన్నప్పుడు చివర్లు కొబ్బరి మట్టల్లాగా కిందకి వంగి ఉంటాయి, విరిగిపోయాయనో పాతబడ్డాయనో కాదు, తిరిగినప్పుడు ఆ విసురుకి బయటికి లాగబడి అవే తిన్నగా వస్తాయి, ఉప్పు మూట తాడుకి కట్టి గిరగిరా తిప్పితే తాడు బిగుస్తుందే, అలాగ.

నాకు ఈ హెలికాప్టర్ మొత్తంలో బాగా నచ్చింది మాత్రం రెక్క లోపల ఉన్న తెలివి. రెక్క వెన్నెముక లోపల బోలు, దాంట్లో నైట్రోజన్ గ్యాస్ నొక్కి పెట్టి సీలు చేస్తారు. రెక్క మొదలు దగ్గర, అంటే రెక్కలన్నీ కలిసే హబ్ వైపు, ఒక చిన్న బుడ్డి లాంటి ఇండికేటర్ పెడతారు. రెక్కకి వెంట్రుకంత పగులు వచ్చినా గ్యాస్ లీకై ప్రెషర్ పడిపోతుంది, ఇండికేటర్ రంగు మారిపోతుంది. మెకానిక్ కింద నుంచి టార్చి వేసి రంగు చూస్తాడు, మారితే బండి కదలదు. కంటికి కనపడని పగులుని రంగుతో చూపించడం, కంప్యూటర్ లేని రోజుల్లో, ఎంత బాగా ఆలోచించారో చూడండి. జూమ్ ఉన్న ఫోన్ ఉంటే రెక్కల మొదళ్ళ దగ్గర ఆ బుడ్డి కోసం వెతకండి, డిస్‌ప్లేకి పెట్టేటప్పుడు కొన్ని పార్టులు తీసేస్తారు కాబట్టి దొరికితే మీ అదృష్టం.

రెక్క మొదట్లోనే ఇంకోటి, మడత కీళ్ళు. ఓడ మీద గ్యారేజీ లాంటి హ్యాంగర్ ఉంటుంది, అరవై అడుగుల చక్రం దాంట్లోకి ఎలా పడుతుంది, అందుకే రెక్కలన్నీ వెనక్కి తోక మీదకి మడుచుకునేలా చేశారు, గొడుగు ముడిచినట్టు. ఆర్మీ వాళ్ళ హెలికాప్టర్‌కి ఈ గొడవ మామూలుగా ఉండదు, వాళ్ళకి మైదానం ఉంది. ఇక్కడి నుంచి తోక దగ్గరికి నడిచి, తోక పైకి తిరిగే చోట ఒక నిలువు గీత కోసం చూడండి, అక్కడే ఒక పక్క కీలు, ఇంకో పక్క తాళాలు ఉంటాయి, తోక కూడా తలుపులాగా పక్కకి మడిచేయొచ్చు. చాలామంది ఫొటో దిగేది సరిగ్గా ఆ గీత మీద చెయ్యి పెట్టుకునే, ఏంటో తెలీకుండా.

తోక మీద ఉన్న చిన్న ఫ్యాన్ దేనికో అందరూ ముందుకి తోయడానికి అనుకుంటారు. కాదు. పైన పెద్ద చక్రం ఒక వైపు తిరిగితే కింద బాడీ రెండో వైపు తిరగాలని చూస్తుంది, దాన్ని ఆపి పట్టుకోవడం ఈ ఫ్యాన్ పని. అది పోతే హెలికాప్టర్ బొంగరం.

ఇంజన్లు రెండు, కాక్‌పిట్ పైన నుదుటి మీద రెండు గుండ్రటి నోళ్ళు కనిపిస్తాయి, గాలి తీసుకునేది అక్కడే. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఆగితే రెక్కల గాలికి నీళ్ళు తుంపర్లుగా లేచి తిరిగి ఆ నోళ్ళలోకే పోతాయి, నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు లోపల బ్లేడ్ల మీద పేరుకుంటుంది, కుక్కర్‌లో తెల్ల పొర కట్టినట్టు, ఇంజన్ బలం తగ్గుతుంది. కాబట్టి తిరిగొచ్చాక ఇంజన్‌కి మంచినీళ్ళ స్నానం తప్పనిసరి. బీచ్ దగ్గర ఇల్లున్నవాళ్ళకి ఇది కొత్త కాదు, మా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ నాలుగేళ్ళలో జల్లెడైపోయింది.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఒకసారి బాడీకి దగ్గరగా వెళ్ళి, ముట్టుకోకుండా, రివెట్ల వరసని ఏటవాలుగా చూడండి. ఎక్కడైనా పెయింట్ చిన్న పొక్కులుగా ఉబ్బిందా, అంచుల్లో తెల్లటి పొడి కనిపిస్తోందా. బాడీ అల్యూమినియం కాబట్టి తుప్పు ఎర్రగా రాదు, సున్నంలాగా తెల్లగా వస్తుంది, ఎర్రగా ఉందంటే అది ఉక్కు బోల్టో స్క్రూనో. ఎగిరే రోజుల్లో అయితే ఆ పొక్కు కనిపించగానే గీకి, మందు పూసి, పెయింట్ వేసేవాళ్ళు, రోజూ అదే పని. ఇప్పుడు సముద్రానికి ఇంత దగ్గరగా పెట్టాక ఏళ్ళ తరబడి కాపాడాలంటే అదే పని ఇంకెవరో చెయ్యాలి. పిల్లల్ని రెక్కలు పట్టుకుని ఊగనివ్వకండి, గోళ్ళతో పెయింట్ గీకనివ్వకండి, ఒక గీత చాలు ఉప్పు లోపలికి పోవడానికి. పేర్లు చెక్కే మహానుభావులకి చెప్పేదేం లేదు.

లోపలికి చూసే వీలుంటే కాక్‌పిట్‌లో మీటర్ల గుంపు కాదు, కింద చూడండి. సీటుకి ఎడమ పక్కన హ్యాండ్‌బ్రేక్ లాంటి కర్ర, అది లేపితే పైకి, దించితే కిందకి. కాళ్ళ మధ్య ఉన్న కర్ర ఎటు వంచితే అటు పోతుంది. పెడల్స్ ఆ తోక ఫ్యాన్‌కి. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఏదీ వదలడానికి లేదు, ముక్కు దురద పెడితే కో పైలట్‌కి చెప్పుకోవాల్సిందే. పాత సైనిక విమానం ఏది చూసినా నేను పెయింట్ అరిగిపోయిన చోట్లు వెతుకుతాను, పెడల్స్ మీద, తలుపు గడప మీద, పట్టుకునే రాడ్ మీద. కొత్తగా రంగు వేసినా గడప లోతుకి అరిగిన వంపు మాత్రం పోదు, ఎన్ని వందల బూట్లు తొక్కితే లోహం అలా అరుగుతుందో.

ఇంకో ఊళ్ళో ఒక మ్యూజియంలో ఇలాగే వంగి చూస్తుంటే అక్కడి మనిషి వచ్చి "ఏం వెతుకుతున్నారు సార్" అన్నాడు, రెక్కలు ఎలా మడుస్తారండి అని అడిగా, "ఇది హెలికాప్టర్ సార్" అని చెప్పి వెళ్ళిపోయాడు. అందుకే మీరే తెలుసుకుని వెళ్ళడం మంచిది. మన ఊళ్ళో ఒక సుఖం ఉంది, సాయంత్రం ఆ చుట్టుపక్కల బెంచీల మీద రిటైరైన నేవీ పెద్దాయనలు ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. "బాబాయ్, మీరు ఇందులో ఎక్కారా" అని అడిగి చూడండి, ఎక్కకపోయినా ఎక్కినవాడి కథ ఒకటి చెప్తారు.

ఇది చూసి రుచి మరిగితే తర్వాత స్టాప్ గోవా. బోగ్‌మాలో రోడ్డులో నేవల్ ఏవియేషన్ మ్యూజియం ఉంది, 1998లో పెట్టారు, డబోలిం ఎయిర్‌పోర్ట్‌కి పక్కనే, సోమవారం సెలవు. గోవాలోనే ఉన్న రెండో ఎయిర్‌పోర్ట్ మోపాలో దిగితే మాత్రం చాలా దూరం, అటు నుంచి దీనికోసమే వస్తే టాక్సీకి ఆస్తులు రాసివ్వాలి. అక్కడ ఉన్న సీ కింగ్ మార్క్ 42 ఇంగ్లాండ్‌లో వెస్ట్‌ల్యాండ్ వాళ్ళు చేసింది, మన నేవీకి 1971 నుంచి వచ్చాయి, అది అసలైన సబ్‌మెరైన్ వేటగాడు, రోటర్ వెనక వీపు మీద బోర్లించిన గిన్నెలాగా రాడార్ డోమ్ ఉంటుంది, మన బీచ్ రోడ్డు దానికి అది ఉండదు, ఫొటో చూసి తేడా చెప్పాలంటే అదే గుర్తు. అదే మ్యూజియంలో రష్యా వాళ్ళ కామోవ్-25 కూడా ఉంది. దానికి తోక ఫ్యానే లేదు. పైన ఒకదాని మీద ఒకటి రెండు చక్రాలు, ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, కాబట్టి పొడుగాటి తోకతో పని లేదు, చిన్న ఓడలో కూడా పట్టేస్తుంది. చోటు సమస్యకి అమెరికా వాడు కీలు పెట్టాడు, రష్యా వాడు తోకే కోసేశాడు.

అంత దూరం వెళ్ళలేకపోతే ఇక్కడే బీచ్‌లో ఆకాశం చూస్తూ ఉండండి. రిటైరైన యూహెచ్-3హెచ్‌ల స్థానంలో అదే 350 స్క్వాడ్రన్‌కి సీ కింగ్ 42సీ లు ఇచ్చారు, ఆర్కే బీచ్‌లో నేవీ వాళ్ళ ఆపరేషనల్ డెమో, అంటే విన్యాసాల ప్రదర్శన, ఉన్న ఏడాది ముందు రోజుల రిహార్సల్‌కి వెళ్తే జనం తక్కువ, చోటు బాగా దొరుకుద్ది. తాడు పట్టుకుని మనుషులు జారేటప్పుడు అందరూ వాళ్ళనే చూస్తారు, మీరు తలుపు దగ్గర బోర్లా పడుకున్నవాడిని చూడండి.